నీడ తుంటిలో గీత

పొద్దున్నే నిచ్చెన భుజాన వేసుకుని, బ్రష్షులున్న బకెట్టు చేత పట్టుకుని సున్నాలక్క బయల్దేరిందంటే, ఆ వీధిలో ఎవరూ గడియారం చూసుకోనక్కర్లేదు. వయసులో ఉన్నప్పుడు ఇళ్ళకి సున్నం వేసేది. ఆ పేరు అలా అంటుకుపోయింది. ఇప్పుడు సున్నం అడిగేవాళ్ళు లేరు, లప్పం వచ్చింది, ప్రైమరు వచ్చింది, రోలరు వచ్చింది. పేరు మాత్రం మారలేదు. యాభై దాటినా ఎత్తు గోడలంటే అందరూ ఆమెనే పిలుస్తారు. నిచ్చెన పై మెట్టు మీద నిలబడి, కప్పు గోడని కలిసే చోట బ్రష్షు ఆనించి ఒక్క ఊపులో లాగేస్తుంది. కప్పు రంగు గోడకి అంటదు, గోడ రంగు కప్పుకి అంటదు.

ఆమెతో కలిసి పనిచేసే లప్పం మేస్త్రీ ఆమె కంటే కాస్త చిన్నవాడు, వాగుడుకాయ. కింద కూర్చుని గోడకి లప్పం పూస్తుంటాడు. కిటికీలోంచి ఎండ పడితే చాలు, ఆమె నీడ వచ్చి సరిగ్గా అతని ముందు వాలుతుంది.

"అక్కా, నీ పక్కటెముకలు కాస్త అటు జరుపు. ఏది గోడ పగులో ఏది నీ ఎముకో తెలిసి చావట్లేదు" అని అరుస్తాడు.

"కళ్ళజోడు పెట్టుకో. మా అమ్మాయి కొట్లో మంచివి దొరుకుతాయి" అంటూ ఆమె పక్కకి జరుగుతుంది.

సున్నాలక్క నీడలో ఎముకలు కనిపిస్తాయి. వాళ్ళమ్మమ్మకీ అంతే, వాళ్ళమ్మకీ అంతే, చెల్లెలికీ అంతే. అందరి నీడా నల్లగా ముద్దలా పడితే, వీళ్ళ నీడలో మాత్రం పుర్రె దగ్గర్నుంచి కాలివేళ్ళ దాకా ఎముకలన్నీ తెల్లగా తేలతాయి. కొందరికి పిల్లికళ్ళు వచ్చినట్టు వీళ్ళకిది వచ్చింది. కూతురికి రాలేదు. దానికి అన్నీ తండ్రి పోలికలే, నీడతో సహా. వీధిలో పసిపిల్లలు సున్నాలక్క వెనకాల నడుస్తూ ఆమె వెన్నుపూసలు లెక్కపెట్టి ఒంట్లు నేర్చుకునేవాళ్ళు. అది ఎవరికీ వింత కాదు.

ఒక్క సంగతి మాత్రం ఇంటివాళ్ళకే తెలుసు. ఎముక విరగడమంటూ జరిగితే, వీళ్ళకి ముందు నీడలో విరుగుతుంది. మనిషికి తర్వాత.

అమ్మమ్మకి మణికట్టు అలాగే విరిగింది. అమ్మ సంగతి అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ కళ్ళారా చూశారు. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తూ అమ్మ తన నీడలో తుంటి దగ్గర వెంట్రుకంత గీత చూసుకుంది. చేతిలో తడిగుడ్డ అక్కడే పారేసి, లోపలికి వచ్చి మంచమెక్కింది. కాలు కింద పెడితే కదా పడేది అంది. నీడ కనపడకుండా కిటికీలు మూయించింది. నాన్న అన్నీ మంచం దగ్గరికే తెచ్చిచ్చేవాడు. ఎండ లేదు, నడక లేదు, తిన్నది ఒంటికి పట్టేది కాదు. చివరికి ఒకరోజు నిద్రలో పక్కకి ఒత్తిగిల్లింది. చిన్న చప్పుడైంది, అంతే. ఆ తర్వాత ఆ మంచం మీంచి లేవనే లేదు.

సున్నాలక్కకి ఆ గీత పిల్లల గ్రంథాలయం హాల్లో కనపడింది.

పెద్ద హాలది. మొదటి కోటు ఆరి గోడ పాలలా మెరుస్తోంది. పొద్దు వాలుతుండగా పై కిటికీలోంచి ఎండ పడి, ఆమె నీడ ఎదురుగా నిలువెత్తున నిలబడింది. బ్రష్షు డబ్బాలో ముంచబోతూ యథాలాపంగా అటు చూసింది. కుడి తుంటి, తొడ ఎముక మెడ వంగే చోటు. అక్కడ సన్నటి నల్లగీత.

గోడకేమైనా అంటిందేమో అనుకుంది. ఒళ్ళు కాస్త పక్కకి వంచింది. గీత కూడా వంగింది.

"అక్కా! రంగు కారుతోంది, నా నెత్తిన పోస్తావా ఏంటి?" అన్నాడు మేస్త్రీ కిందనుంచి.

ముప్పై ఏళ్ళుగా ఎక్కి దిగుతున్న నిచ్చెన ఒక్కసారిగా ఎవరిదో నిచ్చెనలా అయిపోయింది. కాలితో ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగింది. కింద నేల తగిలాక కూడా నిచ్చెన వదల్లేదు.

"కళ్ళు తిరిగాయి. పైన నువ్వు వెయ్యి ఇవాళ" అంది.

మేస్త్రీ ఆమె మొహం చూశాడు, నీడ వైపు చూశాడు, నిచ్చెనెక్కాడు. ఏం కనిపించిందో ఏమో, అతను వాగకుండా పని చేయడం ఆమె ఎరిగి అదే మొదటిసారి.

ఆ రోజు నుంచి ఆమె ఒంట్లో భయం కాపురం పెట్టింది. తుమ్ము వస్తే గోడ పట్టుకునేది. బస్సు దిగేటప్పుడు వెనకవాళ్ళు తిట్టుకునేంత ఆలస్యం చేసేది. కుర్చీలో కూర్చోవాలంటే ముందు చేత్తో కుర్చీని తడిమి చూసేది. కుక్క మొరిగితే గుండె జారేది, అది కరుస్తుందని కాదు, తను అదిరిపడతానని. ఇంట్లో ఎండ పడే చోటు చుట్టూ తిరిగి వెళ్ళేది. అన్నిటికంటే భయం పక్క మీదే. వెల్లకిలా పడుకుని, పక్కకి ఒత్తిగిల్లకుండా ఉండాలని దుప్పటి అంచులు పరుపు కిందికి దోపుకునేది.

కూతురు కనిపెట్టింది.

"అమ్మా, రోజూ అరుగు మీద కూర్చుని కదా నువ్వు టీ తాగేది? ఈ మధ్య ఈ మూల నక్కి తాగుతున్నావేంటి?"

"ఎండ కళ్ళలో పడుతోందే."

"కళ్ళ సంగతి నాకొదిలేయ్, నా పనే అది. నువ్వు గోడలు పట్టుకుని నడుస్తున్నావ్. ఏమైంది?"

"ఏమీ కాలేదు. ఇంకా ఏమీ కాలేదు" అంది తల్లి. ఆ 'ఇంకా' నోరు జారి వచ్చింది. కూతురు చేతిలో గ్లాసు కింద పెట్టేసి, తల్లిని రెక్క పట్టుకుని అరుగు మీదికి తీసుకొచ్చి, ఎండలో నిలబెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తల్లి భుజం మీద తల ఆనించబోయి, ఆ బరువుకేమవుతుందో అని ఆగిపోయింది.

ఎముకల డాక్టరమ్మ పెద్దావిడ. మంచాన పడ్డ అమ్మని ఆఖరి రోజుల్లో చూసింది కూడా ఆవిడే. సున్నాలక్కని కిటికీ ఎదురుగా గోడ దగ్గర నిలబెట్టి ముందు నీడ చూసింది, తర్వాత ఎక్స్‌రే మిషన్‌లోనూ చూసింది.

"ఒంట్లో ఎముక విరగలేదు. కానీ గుల్లబారింది. నీడలో మాత్రం చీలింది" అంది.

"ఎప్పటికి విరుగుతుందండీ?"

"నాకెలా తెలుస్తుంది? మీ అమ్మకి కొన్ని నెలలు పట్టింది. అయితే మీ అమ్మ నేను చెప్పింది ఒక్కటీ చెయ్యలేదు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మాత్రలు రాస్తాను, మానకుండా వేసుకో. ఎండలో నడువు. తిండిలో గింజలు చేర్చుకో. నువ్వులు, గుమ్మడి గింజలు, అవిసె గింజలు, బాదం, అక్రోటు. రోజూ గుప్పెడు. ఇవాళ గంపెడు తిని వారం మానేస్తే ఒరిగేదేం లేదు. అలాగని మాత్రలు మానేసి గింజలే తింటానంటే ఊరుకోను. రెండూ కావాలి. నువ్వులు నమిలి మింగు, గుటుక్కుమనిపిస్తే వచ్చినవి వచ్చినట్టే పోతాయి."

"నీడలో చీలింది అతుక్కుంటుందా?"

డాక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "మీ ఇంట్లో ఎవరూ దాన్ని చివరిదాకా చూడలేదమ్మాయ్. గీత కనపడగానే అందరూ కిటికీలు మూసుకున్నారు. అందుకని నాకూ తెలీదు."

ఆ మాట ధైర్యమిచ్చేదో భయపెట్టేదో సున్నాలక్కకి తేలలేదు. ఇంటికి వస్తూ దారిలో గింజలు కొనుక్కుంది.

కూతురు మూకుడులో నువ్వుల్నీ గుమ్మడి గింజల్నీ దోరగా వేయించేది, అవిసె గింజలు పొడి కొట్టేది, బాదం నానబెట్టేది. అవన్నీ ఒక మూత డబ్బాలో సర్ది తల్లి బకెట్టులో పెట్టేది. పని మధ్యలో సున్నాలక్క గోడకి చేరగిలబడి నమిలేది. దవడలు నొప్పి పుట్టేవి. గుప్పెడు తినడానికి అంత టైము పడుతుందని ఆమెకప్పటి దాకా తెలీదు.

"అక్కా, నువ్వు ఉడతగా పుట్టాల్సింది పొరపాటున ఇటొచ్చావు" అనేవాడు మేస్త్రీ. ఎత్తు గోడలన్నీ అతనే తీసుకున్నాడు. ఎందుకని ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు. అక్రోట్లు మాత్రం సుత్తితో కొట్టి ఇచ్చేవాడు. ఆ టప్పుమనే చప్పుడికి ఆమె ప్రతిసారీ కళ్ళు మూసుకునేది.

రోజూ ఎండలో నిలబడి చూసుకునేది. గీత అలాగే ఉంది. కొన్నాళ్ళు ఇంకాస్త ముదిరినట్టు కూడా అనిపించింది.

చెల్లెలు అదే ఇంటి కింది గదిలో ఉంటుంది. ఒకప్పుడు టైపిస్టు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆ గది కిటికీకి నల్లగుడ్డ కట్టుకుని, దీపం కూడా వెలిగించకుండా ఉంటోంది. నీడ పడకపోతే చూసుకోనక్కర్లేదు. మబ్బు పట్టిన రోజు చూసి, పని ఉంటే బయటికి వచ్చేది. చీకట్లోనే వండుకునేది, చీకట్లోనే పాత పాటలు వినేది. అందరూ దానికి అలవాటు పడిపోయారు. సున్నాలక్క ఎన్నోసార్లు చెప్పి చూసి విసిగి ఊరుకుంది. ఇప్పుడు తనకే గీత వచ్చాక, ఒక సాయంత్రం డబ్బా పట్టుకుని కిందికి దిగింది.

"తలుపు గబుక్కున తియ్యకు" అంది చెల్లెలు లోపల్నుంచి.

సందు చేసుకుని లోపలికి దూరింది. ఎదుటి మనిషి కనపడనంత చీకటి. మంచం అంచు వెతుక్కుని కూర్చుంది.

"నాకు గీత వచ్చిందే" అంది.

మంచం అవతలి చివర కిర్రుమంది.

"ఎక్కడ?"

"అమ్మకి వచ్చిన చోటే."

చెల్లెలు చెయ్యి చీకట్లో తడుముకుంటూ వచ్చి అక్క మోకాలు పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి. సున్నాలక్క ఆ వేళ్ళలో తను తెచ్చిన గింజలు పోసింది.

"ఏంటివి?"

"తిను. చూసుకోవడం నీకెలాగూ చేతకాదు. తినడానికి వెలుతురక్కర్లేదు కదా?"

చెల్లెలు ఫక్కున నవ్వింది. నవ్వు ఏడుపులోకి తిరగబోతుంటే గింజలు నోట్లో వేసుకుంది. ఆ రోజు నుంచి సాయంత్రాలు ఇద్దరూ ఆ చీకట్లో పక్కపక్కన కూర్చుని నమిలేవాళ్ళు. బయటినుంచి ఎవరైనా వింటే గదిలో ఎలుకలు చేరాయనుకునేవాళ్ళు. "ఎలా ఉంది?" అని చెల్లెలు రోజూ అడిగేది. "అలాగే ఉంది" అని అక్క చెప్పేది. ముదిరిందని అనిపించిన రోజుల్లో కూడా అదే చెప్పింది.

"మాత్రలు నీకూ రాయిస్తాను, డాక్టరమ్మ దగ్గరికి రావే."

"ఆవిడ కిటికీ ఎదురుగా నిలబెడుతుంది. నేను రాను."

అలా ఉండగా ముసురు పట్టింది. రోజుల తరబడి సూర్యుడి జాడ లేదు. నీడే లేదు ఎవరికీ. గీత చూసుకోవడానికి భయపడ్డ మనిషికి, చూసుకోలేకపోవడం అంతకు రెట్టింపు భయమైంది. ఈ మబ్బు వెనకాల అది ఎంత దూరం పాకిందో, ఎముక ఇప్పటికే రెండు ముక్కలై ఉందో! దీపం ముందు నిలబడి చూసేది. దీపపు వెలుతురుకి నీడ వణికేది, ఏదీ తేలేది కాదు. నడుస్తుంటే తుంటిలో ఏదో కలుక్కుమన్నట్టుండేది. నిజమో, భయం చేసే చప్పుడో! ఒకట్రెండు రోజులు పక్క మీంచి లేవబుద్ధి కాలేదు. అమ్మ కూడా ఇలాగే మొదలుపెట్టి ఉంటుందని తోచి, ఆ తలపుకే హడలిపోయి లేచి కూర్చుంది. డబ్బా మూత తీసి, రుచి తెలియకుండానే గుప్పెడూ నమిలింది.

ముసురు విడిచిన రోజు మధ్యాహ్నం ఎండ ఫెళ్ళున కాసింది. సున్నాలక్క పనినుంచి పెందలాడే వచ్చి, మేడ మెట్ల పైన నీడపట్టున బకెట్టు కడుగుతోంది. అరుగు మీదికి వెళ్ళి చూసుకోవాలి. కాళ్ళు రావట్లేదు. ఇదిగో ఇది కడిగేసి వెళ్దాం, అది కడిగేసి వెళ్దాం అనుకుంటోంది.

కింది గదిలోంచి కేక వినపడింది.

"అక్కా!"

చెల్లెలు అలా అరవడం ఆమె అమ్మ పోయిన రోజు విన్నది. మళ్ళీ ఇప్పుడే. బకెట్టు చేతిలోనే ఉంది. తుంటి గుర్తులేదు, గీత గుర్తులేదు. పరుగెత్తింది. మెట్లు తడిగా ఉన్నాయి. మూడో మెట్టు మీదో నాలుగో మెట్టు మీదో కాలు జారింది. కుడివైపుకే పడింది, తుంటి మీదే, రాతి అంచు మీదే. ఫట్టుమని చప్పుడైంది. రెండు మెట్లు జారి మలుపులో ఆగింది.

ఆమె కదల్లేదు. కదిలితే తెలిసిపోతుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. చప్పుడైతే వినపడింది, అమ్మకి అయినట్టే అయింది. ఇక మంచమే.

"అక్కా? అక్కా, పడ్డావా?" చెల్లెలి గొంతు తలుపు వెనకనుంచి వస్తోంది.

"పడ్డాను."

తర్వాత గడియ తీసిన చప్పుడు. తలుపు బార్లా తెరుచుకుంది. చెల్లెలు నడుం పట్టుకుని, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, పాలిపోయిన మొహంతో మెట్ల దగ్గరికి వచ్చింది. నీళ్ళ బిందె ఎత్తబోతే వీపులో కత్తి దిగినట్టయిందట, అందుకే అరిచిందట. నొప్పితోనే మెట్లెక్కి వచ్చి అక్క పక్కన కూలబడింది.

మలుపులో గోడ తెల్లది. సున్నాలక్కే వేసిన రంగు. ఎండ నేరుగా దాని మీద పడుతోంది.

"నా నీడ చూడవే" అంది సున్నాలక్క కళ్ళు తెరవకుండా. "తుంటి చూడు. ఎన్ని ముక్కలైంది?"

"నా వల్ల కాదక్కా."

"నేను కదల్లేనే. ఎవరో ఒకరు చూడాలి కదా. చూడు."

చెల్లెలు చూసింది. అమ్మ పోయాక ఆమె ఒక నీడ వైపు తల తిప్పడం అదే మొదలు.

"చెప్పవే!"

"గీత లేదు."

"సరిగ్గా చూడు. కుడిది."

"కుడిదే చూస్తున్నాను. గీత లేదు. అక్కడేదో కట్టు కట్టినట్టు లావుగా ఉంది, వెదురు కణుపులాగా. తెల్లగా ఉంది. మిగతా ఎముక కంటే తెల్లగా ఉంది."

సున్నాలక్క కళ్ళు తెరిచింది. నిజమే. ముందు విరిగిన నీడ, ముందే అతుక్కుంది. ఈ ముసురులో, ఎవరూ చూడని రోజుల్లో, తనపాటికి తాను అతుక్కుంది. ఆమె ఒక కాలు మెల్లగా ముడిచింది. రెండోది ముడిచింది. ఒళ్ళంతా మంట, తుంటి మీద చర్మం లేచిపోయింది. అయినా కాలు ఆమె చెప్పినట్టు వింటోంది. పక్కన బకెట్టు అడుగుదాకా చీలి పడి ఉంది. చప్పుడు చేసింది అదే.

నవ్వొచ్చింది. నవ్వబోతూ చెల్లెలి నీడ చూసింది.

చెల్లెలు అక్క నీడ చూసిన మెడ అంతలోనే తిప్పేసుకుని గోడ వైపు వీపు పెట్టి కూర్చుంది, తన నీడ వైపు చూడనే లేదు. జల్లెడలా చిల్లులు పడ్డ వెన్ను. దాని మధ్యలో ఒక పూస, పైనా కిందా ఉన్న పూసల మధ్య అణిగి, ఒకవైపు కుంగిపోయి ఉంది.

అక్క మొహంలో నవ్వు ఆరిపోవడం చెల్లెలు చూసింది.

"నాకేముంది?" అంది. "అబద్ధం చెప్పకక్కా. ఇన్నాళ్ళూ 'అలాగే ఉంది' అంటూ వచ్చావ్. నీ గొంతులో నాకు తెలుస్తూనే ఉంది."

ఏమీ లేదనడం ఎంత తేలికో సున్నాలక్కకి తెలుసు. అలా అంటే చెల్లెలు లేచి, గదిలోకి వెళ్ళి, తలుపేసుకుంటుంది. నిజం చెప్పినా లేచి వెళ్ళి తలుపేసుకోవచ్చు. ఆమె చెల్లెలి రెండు చేతులూ పట్టుకుంది.

"నడుం మీద ఒక పూస కుంగింది. నీడలో. ఒంట్లో ఏమైందో డాక్టరమ్మ చెప్పాలి. వెనక్కి తిరిగి నువ్వే చూసుకో."

చెల్లెలు తిరగలేదు. ముందుకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత, ఒంటిని కదపకుండా, మెడ మాత్రం తిప్పింది. చూసింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది కానీ కళ్ళు మూసుకోలేదు.

"చెప్పులేసుకో. ఆవిడ ఆసుపత్రిలోనే ఉంటుంది ఈ టైముకి" అంది సున్నాలక్క.

ఆ పూస చెల్లెలి ఒంట్లో ఎప్పటికీ విరగలేదు. నడుముకి బెల్టు వేసుకుంది, సూదులు వేయించుకుంది, గింజలు నమిలింది, ఎండలో నడిచింది. ఏడాది తిరక్కుండానే ఆ చోట నీడలో తెల్లటి ముడి కట్టింది. వీపు వంగకుండానే ముసలితనంలోకి వెళ్ళింది. కానీ ఆ మధ్యాహ్నం అదేమీ ఇద్దరికీ తెలీదు. అక్క కుంటుతూ, చెల్లెలు నడుం పట్టుకుని, ఒకరి రెక్క ఒకరు పట్టుకుని వీధిలోకి వచ్చారు. ఎండ వెనకనుంచి కాస్తోంది. రెండు నీడలూ ఎముకలతో సహా వాళ్ళకి ఒక అడుగు ముందు నడుస్తున్నాయి. కళ్ళజోళ్ళ కొట్టు మెట్ల మీంచి కూతురు వాళ్ళని చూసి, ఎవరికో అద్దాలు పెడుతున్నదల్లా వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

చెల్లెలు తల వంచుకుని, కుంగిన పూసని చూసుకుంటూ నడుస్తోంది.

"భయమేస్తోందక్కా" అంది.

"నాకూ వేస్తోంది" అంది సున్నాలక్క. "నడువు."